సైకిలు మీద పన్నెండు వాక్యాలు

మొన్న రాచర్ల నుంచి వస్తుంటే గిద్దలూరు దగ్గర పడ్డాక ఆటో టైరు పంచరైంది. డ్రైవరు నన్ను ఒక దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టి చక్రం ఊడదీయించాడు. దుకాణమతను ట్యూబుకు సొల్యూషన్ రాసి ఉఫ్‌మని ఊదుతున్నాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు గురవయ్య అయ్యవారు గుర్తొచ్చారు. చదువు చెప్పిన గురువు గుర్తు రావడానికి సుద్దముక్కో పలకో కావాలి గానీ పంచరు వాసన ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

అవి మా ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులు. రాచర్ల పక్కన మా పల్లెలో నాయనకు కొర్ర, జొన్న పండే మెట్ట చేను ఉండేది. మూడో ఫారం దాకా, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి దాకా, గిద్దలూరులో మా అత్త ఇంట్లో ఉండి చదివాను. మా ఊళ్ళో ఆడపిల్ల అంత చదవడమే ఎక్కువ. టీచరు శిక్షణకు కర్నూలు పోతానని పట్టుబడితే నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, "ఒక్కసారే పోనిస్తా. సీటొస్తే సదువుకో. రాకపోతే మళ్ళ ఆ మాట ఎత్తగూడదు" అన్నాడు. సీటు రావాలంటే మార్కాపురంలో బళ్ళ ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఇంగ్లీషులో నోటి పరీక్ష నెగ్గాలి. ఆవో, రైలుస్టేషనో, సైకిలో, ఏదో ఒకటి మనమే ఎంచుకుని మాట్లాడాలి. అందరూ సైకిలే ఎంచుకునేవాళ్ళు. ఎందుకంటే సైకిలు మీద పన్నెండు వాక్యాల జవాబొకటి చేతిరాత కాయితాల్లో ఊరూరా తిరిగేది. నేనూ ఒక ప్రతి రాసుకుని, ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగేదాకా బట్టీ పట్టాను.

అది అప్పజెప్పి మెప్పు పొందుదామని మా ఊరి బడికి వెళ్ళాను. ఆ బడికంతా గురవయ్య అయ్యవారు ఒక్కరే. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. బక్కపలచటి మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"రోజూ నా సైకిలెక్కి బడికి పోతానంటివే. నీ సైకిలు యాడుందమ్మీ?"

"నాకు లేదు అయ్యవారూ. జవాబులో అట్ల ఉంది."

"అయితే కొట్టెయ్యి."

తొక్కితే ఒంటికి మంచిదని ఇంకో వాక్యం. "నువ్వెప్పుడు తొక్కినావు?" కొట్టేశాను. అది ఇంటింటా ఉండే వాహనమని మరొకటి. "మన ఊర్లో ఎందరికుంది?" ఊరంతటికీ టపా తెచ్చే వెంకన్నకు ఒక్కడికే ఉంది. అదీ పోయింది. చివరికి సైకిలుకు రెండు చక్రాలుంటాయన్న వాక్యం ఒక్కటే మిగిలింది. పరీక్ష నెల రోజుల్లో పెట్టుకుని ఉన్నదంతా ఊడ్చేస్తే ఒళ్ళు మండదా? "ఈ ఒక్క ముక్కతో నాకు సీటిస్తారా?" అని ఏడుపు గొంతుతో అడిగాను. "ఇయ్యరు. శనివారం గిద్దలూరు పోదాం, మీ నాయనకు నేను చెప్తా" అన్నారు.

గిద్దలూరు స్టేషను వీధిలో మస్తాను మామ సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. "ఆడపిల్లకు పంచర్ల పనేంది అయ్యవారూ?" అని నవ్వాడు గానీ కాదనలేదు. వరసగా నాలుగు శనివారాలు వెళ్ళాం. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడటం, ఆ చోట గరుకు కాయితంతో రుద్దడం, సొల్యూషన్ రాసి అతుకు వెయ్యడం నేర్చుకున్నాను. మొదటిసారి నేను వేసిన అతుకు చూసి నాకే మురిపెం కలిగింది. గాలి కొట్టి చెయ్యి కడుక్కునేలోపు టైరు మళ్ళీ చప్పబడింది. "ముల్లు తీసినావా? తియ్యలా. టైరు లోపల వేళ్ళతో తడుముకుంటా రావాల" అన్నాడు మస్తాను మామ. తడిమాను. పల్లేరు ముల్లు చూపుడు వేల్లోకి దిగింది.

తిరుగుదారిలో అయ్యవారు ఆ రోజు జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పమనేవారు. సగం తెలుగే దొర్లేది. ఏ మాట కోసం తడుముకుంటే ఆ ఒక్క మాటే అందించి ఊరుకునేవారు. వాగు ఇసుకలో వెంకన్న సైకిలును భుజాన మోసుకుంటూ ఎదురైతే, "ఇది చెప్పు, ఇది ఎవురి కాయితంలోనూ ఉండదు" అన్నారు. ఒకనాడు నడుస్తూ నడుస్తూ తన సంగతి చెప్పారు. "నేను మూడుసార్లు పోయినా ఆ పరీక్షకు. నా సైకిలు, నా సైకిలు అని గడగడా చెప్పినా. మూడోసారి ఆ దొర, నీ సైకిలు చైను ఊడితే ఏం చేస్తావన్నాడు. నోరు పడిపోయింది. అందుకే నేను ట్రైనింగు లేని అయ్యవారిగానే ఉండిపోయినా." నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

మార్కాపురంలో నా ముందు నలుగురు అవే పన్నెండు వాక్యాలు చెప్పారు. ఇన్‌స్పెక్టరమ్మ తల ఎత్తకుండా రాసుకుంటోంది. నా వంతు వచ్చింది. మా ఇంట్లో సైకిలు లేదు, నేను ఎన్నడూ ఎక్కలేదు అని మొదలుపెట్టాను. ఆమె తలెత్తింది. వెంకన్న గురించి చెప్పాను, నీళ్ళ తొట్టి గురించి చెప్పాను. నా ఇంగ్లీషు అడుగడుక్కీ కుంటింది. టైరు లోపల తడమడం ఎందుకని ఆమె అడిగింది. మాట దొరక్క వేలు చాపి, ముల్లు దిగిన మచ్చ చూపించాను. ఆమె కలం కింద పెట్టి నవ్వింది. సీటు వచ్చింది. నాయన ఆ కబురు ఊరంతా తానే మోశాడు.

రెండేళ్ళ తర్వాత శిక్షణ ముగిసి ఉత్తర్వు చేతికొచ్చింది. మా ఊరి బడికే వేశారు. ఎగిరి గంతేసినంత పని చేసి, తర్వాత రెండో వరస చదివాను. అక్కడున్న ట్రైనింగు లేని ఉపాధ్యాయుణ్ణి తొలగించి నేను చేరాలట. నేరుగా అయ్యవారింటికి వెళ్ళి, నేను చేరనన్నాను.

"నువ్వు కాకుంటే ఇంకొకరు వస్తారు అమ్మీ. ట్రైనింగు అయినోళ్ళు దొరికేదాకనే నన్ను పెట్టుకున్నారు. నువ్వు ఆ జవాబు పట్టుకొచ్చిన నాడే నాకు తెలుసు."

"తెలిసి తెలిసి ఎందుకు నేర్పినారు?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నేర్పమని వస్తివి గదా" అన్నారు.

మర్నాడు నేను బడికి వెళితే, ఆయనే హాజరు పుస్తకం నా చేతిలో పెట్టి, వెళ్ళకుండా వెనక వరసలో పిల్లల పక్కన గోడకానుకుని కూర్చున్నారు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా మొదటి పేరు పిలిచాను. "గట్టిగా పిలువు అమ్మీ, ఈడికి వినపడలే" అన్నారు. గట్టిగా పిలిచాను. చివరి పేరు దాకా విని, లేచి, పంచె దులుపుకుని, వాళ్ళ అన్న చేనికి పనికి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను, ఉద్యోగం మాని చాలా కాలమైంది. ఇంట్లో ఎదురుగా ఉన్నవాళ్ళతో కూడా అంత గొంతేసుకుని మాట్లాడతానేమని మా వాళ్ళు ఇప్పటికీ విసుక్కుంటారు. వాళ్ళకేం తెలుసు, నేను మాట్లాడేది వెనక వరసలో కూర్చున్న మనిషికి వినపడాలని.