పంతొమ్మిది పుల్లలు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి అయిపోయిన ఎండాకాలంలో, నేను ఒక లెక్క సరిచూడబోయి చేసిన నష్టం ఇది. ఇప్పుడు నారాయణఖేడ్‌లో కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు కల్హేర్ అవతల, మంజీర ఒడ్డున. ఏటి నడుమ ఒక గడ్డ ఉండేది. పొడవు నా అడుగులతో నాలుగు వందల పన్నెండు, వెడల్పు నూట ముప్పై. వానాకాలంలో దాని మీది మూడు తుమ్మచెట్ల తలలే నీళ్లపైన కనబడేవి. శివరాత్రి దాటాక ఇసుక తేలేది. అప్పుడు మా తాతయ్య, ఇంకో నలుగురు రైతులు అక్కడ గుంటలు తవ్వి, ఎరువు వేసి, కర్బూజ తీగలు పెట్టేవారు.

ఆ గడ్డ సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు. పుట్టి నడిపే చాచాకు తెలుసు. మమ్మల్ని, మా కాయలను తన గుండ్రటి పుట్టిలో అటూ ఇటూ దాటించేది ఆయనే. వాళ్ల నాయన చిన్నతనంలో ఆ గడ్డ అవతలి ఒడ్డుకు అతికి ఉండేదట, ఒక వరద దాన్ని తెంపిందట. దిగువ కొసన ఉన్న చదును బండ ఆ వరదలో పోయిన ఒక ఇంటి గడపరాయి. తుమ్మచెట్లు ఎవరూ నాటినవి కావు, మేతకు దాటిన మేకల పెంటికల్లోంచి మొలిచినవి. ఆయన చెబుతుంటే నేను ఒక నోటుపుస్తకంలో ఏడాదికో వరుస, గళ్లు గీసుకుని రాసుకునేదాన్ని. పుట్టిలో ఆయన కాళ్ల దగ్గర చెవి చిరిగిన గోధుమరంగు కుక్క పడుకుని ఉండేది.

గడ్డ ఎగువ సగంలో ఎవరూ తీగ పెట్టేవారు కాదు. అది ఏటిపిట్టలది. నల్లటి తల, పసుపు ముక్కు, కత్తెరలా చీలిన తోక. గూడు కట్టకుండా వట్టి ఇసుకలోనే గుడ్లు పెట్టేవి. రైతులు అడ్డంగా ఒక రాళ్ల వరుస పేర్చి, పిల్లలు ఎగిరేదాకా దాన్ని దాటేవారు కాదు. దయ ఒక్కటే కాదు, అవసరం కూడా. అడవిపందులు ఏరు ఈది తీగల మీదికి వస్తే మొదట అరిచేవి ఆ పిట్టలే. అవి ఉన్నన్నాళ్లు గడ్డకు కావలి ఉన్నట్టే.

ఆ ఏడు చాచా పుట్టిలోంచే చూసి, "ఇరవైకి ఒకటి తక్కువ జాగల పొదుగుతున్నయి" అన్నాడు. అంత దూరం నుంచి ఎలా తెలిసిందని అడిగాను. "ఒకటి చేపకు పోతే ఇంకోటి కూసుంటది. కదలకుంట కూసున్నదాన్ని లెక్కవెట్టాలె, ఎగిరేదాన్ని గాదు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. దగ్గరికి పోకుండా చెప్పిన లెక్క ఒక లెక్కా అనుకున్నాను.

సంత రోజు పొద్దున పెద్దవాళ్లంతా కాయలతో కల్హేర్ వెళ్లారు. గడ్డ మీది కావలి గుడిసె దగ్గర నన్ను ఉంచారు. నేను రాళ్ల వరుస దాటాను. పిట్టలు నా తల మీదికి దూకి అరిచాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉన్నాయి, ఒకసారి చూపు తిప్పితే మళ్లీ దొరకవు. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టకుండా ప్రతి జాగా పక్కన ఒక తంగేడు పుల్ల గుచ్చాను. తొమ్మిదింటిలో రెండేసి, పదింటిలో మూడేసి. మొత్తం పంతొమ్మిది జాగలు, నలభై ఎనిమిది గుడ్లు. చాచా లెక్క సరిగ్గానే ఉంది. నేను పోవలసిన అవసరమే లేదు. పుల్లలు పీకాలన్న ఆలోచన కూడా రాలేదు, రేపు మళ్లీ చూడటానికి పనికొస్తాయని వదిలేశాను.

రెండో రోజు పొద్దున రాళ్ల ఇవతల నుంచి చూస్తే పుల్లల దగ్గర కాకులు ఉన్నాయి. ఒక పుల్ల దగ్గర ముక్కు పొడిచి, నడుచుకుంటూ తర్వాతి పుల్ల దగ్గరికి పోతున్నాయి. ఇసుకలో వాటికి కనబడని గుడ్లకు నేను గుర్తులు పెట్టి ఇచ్చాను. రాళ్లు విసిరాను. లేచి మళ్లీ వాలాయి. పరుగెత్తి ఎవరికైనా చెప్పాల్సింది. చెప్పలేదు. మూడో రోజుకు గుడ్లు లేవు, పిట్టలు లేవు, ఎందుకో పుల్లలు కూడా లేవు.

నాలుగో రోజు పందులు వచ్చాయి. అరిచే పిట్టలు లేక ఇద్దరి తీగలు నేలమట్టమయ్యాయి. రైతులు గుడిసె ముందు కూర్చున్నారు.

"ఇది గా కుక్క పనే" అన్నాడు చాచాతో, తీగలు పోయినవాళ్లలో ఒకాయన. "పుట్టిల తోలుకొచ్చి ఇడిసిపెడ్తవు. గుడ్లు దొరికితె ఊకుంటదా?"

కుక్క పుట్టి దిగేది కాదని అందరికంటే చాచాకే బాగా తెలుసు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత, "కట్టేసుకోవాల్సింది. నాదే తప్పు" అన్నాడు.

మా తాతయ్య నా వైపు తిరిగి, "రాయి బిడ్డా నీ పుస్తకంల. గుడ్లు పోయినయి, కుక్క తిన్నది" అన్నాడు. నేను రాశాను. ఆ ఏడాది వరుసలో, కారణం అన్న గడిలో, 'కుక్క' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మర్నాడు చాచా కుక్కను కంగ్టిలో ఉన్న వాళ్ల అక్క ఇంట్లో వదిలి వచ్చాడు.

బడి తెరవడానికి ఆరు రోజుల ముందు, పుట్టిలో నేను, చాచా తప్ప ఎవరూ లేనప్పుడు చెప్పేశాను. ఆయన తెడ్డు పక్కన పెట్టి, గోనెసంచి కిందినుంచి ఒక కట్ట తీశాడు. తంగేడు పుల్లలు.

"పంతొమ్మిది. లెక్క సక్కగనే ఉన్నది" అన్నాడు.

మిగతావాళ్లు చూడకముందే వాటిని పీకింది ఆయనే. మరి నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీ తాత నిన్ను మల్ల గడ్డ మీదికి రానిస్తడా? కుక్కకు మా ఆపా రొట్టె పెడ్తది. గీ గడ్డ ముచ్చట్లు రాసుకునేటోళ్లు నాకింకెవరున్నరు?"

కుక్కను తెమ్మని ఏడ్చాను.

"తెస్త. దాని మీద పడ్డ మాట నేను తీస్తె పోదు బిడ్డా. నువ్వు మీ తాతకు చెప్పు, తెల్లారే పోయి తోలుకొస్త."

నేను చెప్పలేదు. వారం చూశాను, పండుగ దాటనీ అనుకున్నాను, తర్వాత కోతలు అయిపోనీ అనుకున్నాను. చాచా మళ్లీ అడగలేదు. గడ్డ ముచ్చట్లు చెప్పడం మాత్రం మానలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. మూడేళ్లకు కుక్క కంగ్టిలోనే చచ్చిపోయిందని తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లకు తాతయ్య పోయాడు.

ఇప్పటికీ ఎండాకాలంలో మనవడి బండి మీద ఆ ఒడ్డుకు పోతాను. ఇవతలి గట్టు మీదే కూర్చుని, కదలకుండా ఉన్నవాటినే లెక్కపెడతాను. ఈ ఏడు పదకొండు. ఒకటి అటో ఇటో అయినా దగ్గరికి పోయి సరిచూడను. ఇంట్లో కూడా అంతే, పిల్లలు చెప్పకుండా దాచుకున్న కష్టాన్ని తవ్వి చూడటం మానేశాను.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. చాచా పోయిన ఏడు 'కుక్క' అన్న మాట మీద గీత కొట్టి, పక్కన 'నేను' అని రాశాను. అది చదవాల్సినవాళ్లు ఒక్కరూ అప్పటికి లేరు. అందుకే ఆ గీత సన్నగా కొట్టాను, కింద నేను రాసిన అబద్ధం కూడా ఎవరికైనా కనబడేలా.