కుందేలుకు పోసిన నీళ్లు

తోలు ఒలిసేటప్పుడు పేగు తెగొద్దు. నాకొచ్చిన విద్యల మొదటి మాట గిదే, ఆఖరి మాట కూడ దగ్గర దగ్గర గిదే. నేనొక కాలేజిల జంతుశాస్త్రం డిపార్ట్‌మెంట్ల అటెండరుగ చేసేటోణ్ణి. అద్దాల బీరువాలల్ల గుడ్లగూబ, ముంగిస, ఉడుము ఉండేటియి, కడుపుల దూది నింపి, కండ్లకు పూసలు పెట్టినయి. వాటి దుమ్ము దులుపుకుంట, సారు పిల్లలకు చేసి చూపిస్తుంటె పక్కన ట్రే పట్టుకొని నిలబడి జర నేర్సుకున్న. నా చేతులతోని చేసింది ఒక్క పిచ్చుకనే. అది పిచ్చుక లెక్క లేకుండె, తడిసిన బీడీకట్ట లెక్క ఉండె. గంతటి పనిమంతుణ్ణి నేను.

గసువంటి పనిమంతుని దగ్గరికి మా చెల్లె సచ్చిన కుందేలును కొంగుల పెట్టుకొని వచ్చింది.

డెబ్బైల ఆఖర్ల ముచ్చట ఇది. యాకుత్‌పురాల రైలు పట్టాల పక్క గల్లీల కిరాయికుంటుంటిమి. నాకింకా పెండ్లి కాలే. చెల్లె మొగుడు పోయినంక బిడ్డను తీసుకొని నా దగ్గరికే వచ్చింది. ఆ పోరికి కుందేలంటె పానం. తెల్లగ ఉండె, ఎర్ర కండ్లు. తన పళ్లెంలకెళ్లి కొత్తిమీర ఏరి ఏరి దానికే పెట్టేది, తిట్టినా వినకపోయేది.

అంతకుముందు వానకాలం తల్లికీ బిడ్డకూ ఒక్కపారే జెరమొచ్చింది. ఇద్దర్నీ దవాఖానల ఏసిన, ఒకరిదొక వార్డు, ఒకరిదొక వార్డు. బిడ్డ దక్కలే. చెల్లెకప్పుడు సోయి లేదు. పోయిన చిన్నపిల్లలను ఇంట్ల పెట్టుకోరు గద, నలుగురం కలిసి దవాఖానకెళ్లే తీసుకపోయి పూడ్చి వచ్చినం. దినాలు గిట్ల ఏం లేవు. తల్లి చెయ్యి పడకుండనే పోయింది ఆ పోరి.

ఇగ ఎండకాలంల కుందేలు కూడ పోయింది. ఎండకో ఏమో, పొద్దుగాల చూస్తె కట్టె లెక్క పడి ఉంది.

"దీన్ని పూడ్వకు అన్నా," అన్నది చెల్లె. "కాలేజిల చేస్తరంటివి గద. గట్ల చెయ్యి. నా కండ్ల ముంగట కూసోని ఉండాలె."

"నాకు రాదు."

"పిచ్చుకను చేస్తివి గద."

"ఆ పిచ్చుకను చూస్తె నువ్వీ మాట అనవు," అన్న. ఆమె నవ్వలే. కుందేలును నా ముంగట పెట్టి అక్కడ్నే కూసుంది.

బిడ్డ పోయినంక ఆమె నోరు తెరిసి నాకిది కావాలె అని అడుగుడు అదే మొదలు. అప్పటిదాంక తినుమంటె తినేది, పండుమంటె పండేది. నాకు సంతోషం కాలే, భయమైంది. ఇది గిన చెడగొడితె ఇంక దేనికీ నోరు తెరవదు అనిపించింది.

ఎండకాలం పీనుగ ఆగదు, ఎమ్మడే మొదలుపెట్టిన. వాకిట్ల గోనెసంచి పరిసి, కడుపు మీద సన్నగ కోసి, నెత్తురు గుంజుకోవాలని కొయ్యపొట్టు చల్లుకుంట, తడిసిన బనీను ఇడిసినట్టు తోలును మెల్లగ మలుపుకుంట వచ్చిన. కుందేలు తోలు మస్తు పల్సగుంటది. చంక కాడ పిగిలింది, కుట్టిన. చెవులు ఇడిపించేసరికి నా ప్రాణం విసిగింది. పక్కింటి ఖాలా గోడ మీదికెళ్లి తొంగిచూసి, కుందేలు కోటు ఇప్పుతున్నవా బేటా, అని ఉర్దూల పరాచికమాడింది. "హౌ ఖాలా, మీ సైజు కాదు," అన్న. ఇంతల చెల్లె బయటికొచ్చె, ఖాలా తల దించుకొని పోయింది.

చెల్లె రోట్ల దొడ్డుప్పు దంచిచ్చింది. మాంసం గీకి, మూలమూలకూ ఉప్పు రుద్ది, నీడకు పలక మీద పరిసిన. ఆమె లోపలికి పోయి బిడ్డ దండలకెళ్లి రెండు ఎర్ర పూసలు తెంపుకొచ్చి కిటికీల పెట్టింది. "కండ్లకు," అన్నది. సైజు సరిగ్గ సరిపోయింది. చెప్పొద్దూ, అప్పుడు నాక్కూడ జర ఆశ పుట్టింది.

"రేపు పొద్దుమీకి వచ్చి కడిగి పటికనీళ్లల్ల పెడ్త," అని చెప్పి పండుకున్న.

తెల్లారి డ్యూటీల సారు పటిక, దూది, తీగ ఇచ్చి, చెవుల కాడ పైలం అన్నడు. పొద్దుమీకి అవి పట్టుకొని ఇంటికొస్తె, దర్వాజ తెరిసే ఉంది. చెల్లె నీళ్లు పోసుకునే బండ కాడ పీట మీద కూసోని ఉంది. చీర మోకాళ్ల మీదికి మలుచుకొని, రెండు కాళ్లు సాపి, ఆ కాళ్ల మీద తోలును బోర్ల పండవెట్టి, చెంబుతోని నీళ్లు పోస్తుంది. పసిపిల్లలకు ఎట్ల పోస్తరో గట్లనే. పక్కన గంగాళంల నీళ్లు పొగలు ఎల్తున్నయి. కుంకుడుకాయ నురుగుల తెల్లబొచ్చు కుచ్చులు కుచ్చులుగ ఊడి మోరీల కొట్టుకపోతుంది. వీపంత బోడైంది.

నా నోరు మంచిది కాదు, గల్లీ అందరికీ ఎరుకే. తిట్లు గొంతు దాంక వచ్చినయి.

"కడగాలంటివి గద అన్నా," అన్నది నన్ను చూసి. "మొగోనివి, నీకేం ఒస్తదని నేనే పోస్తున్న."

"వేన్నీళ్లా?"

"మరి పిల్లలకు సన్నీళ్లు పోస్తరా?"

గడప మీద కూసున్న. ఆమె అరచేతికి అంటిన బొచ్చును చూసుకుంది.

"మల్ల అతకదా?"

"అతకదు."

ఆమె ఏడ్వలే. "పిల్లకు నీళ్లు పోయకుండనే తీసుకపోతిరి," అన్నది. నన్ను అన్నట్టు కూడ లేదు. గంగాళంల మిగిలిన నీళ్లన్నీ పోసింది. చెవులెనక రుద్దింది. బిడ్డ తువాలల తుడిసి, చుట్టి, భుజానికేసుకుంది.

"జర నిప్పులు తే అన్నా. ఊదు పొగ పట్టాలె."

మా పొయ్యి ఆరిపోయింది. ఖాలా ఇంటికి పోయి మట్టిసిప్ప పట్టిన. ఆమె నిప్పులు ఏసిచ్చింది. చెల్లె ఊదు చల్లి, నీళ్లు పోసినంక పసిపిల్లలకు పట్టినట్టు ఆ మూటను పొగకు అటూ ఇటూ తిప్పింది. అయినంక నా చేతులల్ల పెట్టింది. మసక కాకముందే తువాలతో సహా పట్టాల పక్కన పూడ్చి వచ్చిన.

పటిక, దూది, తీగ మల్ల కాలేజిల ఇచ్చేసిన. పూసలు కిటికీలనే ఉండిపోయినయి.

తర్వాత చెల్లె నా ఇంట్ల ఎన్నో ఏండ్లున్నది. తినుమంటె తిన్నది, పండుమంటె పండింది. ఆ నిప్పుల తర్వాత నన్ను ఏదీ అడగలే.