మేడమీద బిగించిన బండి

మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకైతే ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది. కన్నతండ్రిని మోటారు సైకిలుతో మేడమీద ఖైదు చేసిన ఘనుణ్ణి నేను.

తెలంగాణ వచ్చిన ఏడాది దేవరకొండలో ఒక పాత బండి కొన్నాను. అప్పటి నుంచి దాన్ని నడిపిన రోజులకన్నా విప్పిన రోజులే ఎక్కువ. ఇంజను మారింది, ట్యాంకు మారింది, చక్రాలు మారాయి. మారనివి రెండే: నంబరు ప్లేటు, నా బుద్ధి.

ఒక వానాకాలం అది మళ్ళీ మొరాయించింది. వాకిట్లో విప్పి పరిస్తే మా ఆవిడ సుజాత చీపురు పట్టుకుని వచ్చింది.

"ఊడ్వనీకి జాగా లేదు. నీ ఇనుప సామానంత ఏడన్న పెట్టుకో!"

పౌరుషానికి పోయి ఒక్కో ముక్కా మేడమీది గదికి మోశాను. ఇంజను గోనెసంచిలో వేసి భుజానికెత్తుకుంటే సగం ప్రాణం మెట్ల మీదే పోయింది. వానలు వెలిసేసరికి బండి తయారు. ఒక ఉదయం కిక్కు కొడితే ఒక్క దెబ్బకే అందుకుంది! కిటికీలు గజగజలాడాయి. మా బాపు పరుగున పైకొచ్చాడు.

"మంచిగనే మోగుతాంది గని, కిందికెట్ల దించుతవ్ రా?"

"ఎక్కిచ్చిన తొవ్వలనే దించుత."

"గప్పుడు ముక్కలు రా. గిప్పుడు బండి."

"ఏం కాదు బాపూ. నువ్వు ఎనుక పట్టుకో, నేను ముందట పట్టుకుంట."

మా మెట్లు రెండు గోడల నడుమ ఇరుగ్గా ఉండి, సగంలో మలుపు తిరుగుతాయి. సరిగ్గా ఆ మలుపులో హ్యాండిలు ఒక గోడకు, వెనక చక్రం ఇంకో గోడకు తన్నుకుని బండి బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. నేను కింద, బాపు పైన. దిగడానికి వేరే దారి లేదు. సీటు మీదుగా దాటబోతే బాపు ధోవతి కిక్ రాడ్‌కు చిక్కుకుంది. దాన్ని విడిపించుకుని, నన్ను నానా మాటలూ అని, మళ్ళీ పైకెక్కాడు.

అప్పుడే దొడ్లో మా చూడి గొర్రె అరిచింది. బాపు పిట్టగోడ దగ్గరికి ఉరికాడు.

"ఓ సుజాతా! నల్లగొర్రె ఈనుతాంది! నేను దిగలేను, నువ్వే చూడాలె!"

"నాకు తెల్వదు మామా! భయమైతాంది!"

"భయం లేదు బిడ్డా. కాళ్లు కనవడ్తున్నయా?"

"కాళ్లొచ్చినయ్. తల ఇరికింది!"

"ఈడ గూడ గదే కథ!" అన్నాను మెట్ల మీద నుంచి.

"నువ్వు నోరు మూసుకొని నట్లు విప్పు!" అని నా మీద అరిచి, బాపు గొంతు తగ్గించాడు. "సుజాతా, అది ముక్కినప్పుడు జర మెల్లగ కిందికి గుంజు. తొందర వడకు."

నా చేతులు పానాతో నట్లు తిప్పుతున్నాయి, చెవులు దొడ్లో ఉన్నాయి. ఇంతలో గొర్రె అరవడం మానేసింది.

"వచ్చింది మామా! ఊపిరి దీస్తాంది!" సుజాత నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను మళ్ళీ నట్ల మీద పడ్డాను.

పొద్దెక్కాక హ్యాండిలు, చక్రం ఊడొచ్చాయి. బాపు దిగి, నా ముఖం కూడా చూడకుండా దొడ్లోకి వెళ్ళాడు. పిల్లకు పొదుగు పట్టించి, తీరిగ్గా వచ్చి ఇనుపకుప్ప ముందు నిలబడ్డాడు.

"మళ్ల బిగిస్తవా?"

"బిగిస్త బాపూ."

"బిగించు. గని నేనూ గొర్లూ బయటికి వోయినంక బిగించు."

ఆ సాయంత్రమే గొర్రెపిల్ల తలమీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: బతికున్నంత కాలం ఏ బండినీ నేలకన్నా ఎత్తులో బిగించను. అసలు బండే బిగించనని ఒట్టు వెయ్యమంది సుజాత. అంత పెద్ద ఒట్టు అంత చిన్న తల మోయలేదని మానేశాను.