పద్నాలుగో డబ్బా

సూరత్ ఎండలో స్వెట్టర్ వేసుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరైనా పిచ్చివాడనుకుంటారు. మా పల్సానా మిల్లులో మాత్రం అంబదాస్ అన్న టీకి బయల్దేరాడనుకునేవాళ్లం. పదకొండేళ్లుగా ఆయన డ్యూటీ ఏసీ గదిలో. చీరల మీద అచ్చువేసే డిజైన్లు, బిల్లులు, కెమెరాల బొమ్మలు అన్నీ దాచుకునే సర్వర్లు ఆ గదిలో ఉంటాయి. మేము వాటిని డబ్బాలంటాం. ఆ డబ్బాలకు కాపలా అంబదాస్. నేను గేటు దగ్గర హాజరీ రాసే ఉమాకాంత్‌ను. ఇద్దరిదీ సిరిసిల్ల వైపే, లింబాయత్‌లో ఉండేది ఒకే గల్లీలో, మిల్లుకి వచ్చేది ఒకే బస్సులో. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. లేదన్నవాడు వచ్చి నాతో మాట్లాడొచ్చు.

పదిహేడేళ్లకు సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఒక్కడే పన్నెండు సాంచాలు చూసుకునేవాడు. ఆ చప్పుడుకి ఎడమ చెవి పోయింది, దూది దుమ్ముకి దగ్గు పట్టుకుంది. దుమ్ము లేని చోట పని చేసుకోమన్నాడు డాక్టరు. సూరత్‌లో దుమ్ము లేని చోట్లు రెండే, సేఠ్‌ల ఇళ్లు, డబ్బాల గదులు. మొదటివాటిలోకి మనల్ని రానివ్వరు గనక ఆయన రెండోదాంట్లో చేరాడు.

పని చిన్నదే. గంటకోసారి డబ్బాల చుట్టూ తిరగాలి. దేని మీదైనా ఎర్ర లైటు వెలిగితే చెప్పాలి. గోడ మీది థర్మామీటరు చూసి పుస్తకంలో అంకె రాయాలి. రింగ్ రోడ్ ఆఫీసు నుంచి ఫోనొస్తే, వాళ్లు చెప్పిన డబ్బా బటన్ నొక్కి ఆపి, మళ్లీ నొక్కి లేపాలి. చదివింది ఐదో తరగతి. అయినా డబ్బా మీద అరచెయ్యి ఆనించి "దీని పంకా కొట్టుకుంటున్నది, రెండు దినాల్ల పోతది" అంటే అది పోయేది. ఇంజనీర్లు నవ్వేవాళ్లు, తర్వాత పంకా మార్చేవాళ్లు. సాంచాల దగ్గర అబ్బిన విద్య అది, ఏ కాలేజీలోనూ చెప్పరు.

సాంచాల దగ్గర అబ్బినవి ఇంకో రెండున్నాయి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పోగును ఆయన చచ్చినా పీకడు. పీకితే ఎక్కడ ఏం తెగుతుందో అని భయం. రెండోది, నడిచే సాంచానే లెక్కపెడతాడు. ఎన్ని సాంచాలు చూస్తున్నావని కార్ఖానావాడిని అడగండి, మూలపడి ఉన్నదాన్ని లెక్కలో చెప్పడు. అడిగినవాడికీ అది అక్కర్లేదు. ఈ రెండూ మంచి అలవాట్లేనని మేమంతా అనుకునేవాళ్లం.

మొన్న మార్చిలో, ఒక శుక్రవారం, ఇద్దరు ఆడిట్ కుర్రాళ్లు మెడలో కార్డులు వేలాడేసుకుని వచ్చారు. వాళ్ల కాగితంలో డబ్బాలు పద్నాలుగు. గదిలో పదమూడు. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ పదమూడే. ఈశాన్యం మూలలో ఎర్రబట్ట పరిచిన గద్దె మీద అంబాజీ మాత, మార్కండేయుడి పటాలుంటాయి. లెక్క కుదరనప్పుడల్లా అక్కడికెళ్లి దండం పెట్టుకుని మరీ లెక్కపెట్టారు. మేనేజర్ కీర్తిభాయ్ అంబదాస్‌ను పిలిపించాడు.

"కాకా, మెషిన్ కిత్‌నీ హై?"

"తేరా సాహెబ్."

"కాగజ్ మే చౌదా హై."

"చల్నేవాలీ తేరా హై సాహెబ్."

నడిచేవి పదమూడు అన్న ముక్క ఎవరి బుర్రకీ ఎక్కలేదు. పద్నాలుగోది ఏమైందని అడిగితే తెలియదన్నాడు. గది తాళం పదకొండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. ఇంకేం కావాలి?

కీర్తిభాయ్ చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆయన మహా దయగలవాడు. పోలీసులు వద్దన్నాడు. ఇన్నేళ్లు చేశావు, నేనే అమ్ముకున్నానని ఒక కాగితం రాసిచ్చి మర్యాదగా వెళ్లిపో, సోమవారం సాయంత్రం దాకా ఆలోచించుకో అన్నాడు. చేయని దొంగతనాన్ని ఒప్పుకోవడానికి మూడు రోజుల గడువు! మంచినీళ్లు కూడా తెప్పించి ఇచ్చాడు.

మా బస్సు లింబాయత్ చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. మా పద్మశాలి సమాజం భవనంలో పెళ్లిళ్లకు వాడే గుండిగలు, గంగాళాలు ఉండే గది తాళంచెవి తొమ్మిదేళ్లుగా అంబదాస్ దగ్గరే ఉంటుంది. గల్లీలో ఆయనకున్న పరువంతా ఆ చెవే. సమాజం పెద్దమనిషి కనకయ్య వచ్చి, చెప్పులు విడవకుండా అంబదాస్ ఇంటి గడపలోనే నిలబడ్డాడు.

"ఏం లేదు అంబదాసూ, గీ ముచ్చట తేలేదాంక చెవి మా దగ్గరుంటే మంచిది గదా."

అంబదాస్ భార్య ప్రమీల వదిన ఒంటికాలి మీద లేచింది. "గంగాళాలు నెత్తిన వెట్టుకొని ఉరుకుతడనుకుంటున్నవా కనకయ్య బావా? మీ బిడ్డ లగ్గంల తెల్లార్లు గవ్విటిని తోమింది ఎవలు?"

అంబదాస్ ఆమెను ఆపి, మొలతాడుకు కట్టుకున్న చెవిని తనే విప్పి ఇచ్చాడు. కనకయ్య వెళ్లాక నాతో అన్నాడు. "నౌకరీ పోతే పోనీ తమ్మీ. దొంగ అన్న పేరు పెట్టుకొని గీ గల్లీల ఎట్ల నడుస్త? నా వల్ల గాదు." నిజం చెప్పాలి గదా, ఆ రోజు బస్సులో ఒక్క నిమిషం నేనూ ఆయన్ని అనుమానించాను. ఆ నిమిషానికి ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆదివారం పొద్దున ఆయన తమ్ముడి కూతురు సింధూజ వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగింది. మిల్లుల కంప్యూటర్లు చూసిపెట్టే చిన్న కంపెనీలో పని చేస్తుంది. మా మిల్లు కాంట్రాక్టు మీద ఆ కంపెనీకి ఎప్పటినుంచో కన్ను.

"పెద్దబాపు, డబ్బాల ఎనక తీగలున్నయి గదా, ఏదన్న పీకినవా ఎప్పుడన్న?"

"తెల్వని పోగు నేనెన్నడన్న పీకిన్నా బిడ్డా?"

"బస్, అయితే టెన్షన్ మత్ లో. ఒక్కొక్క సర్వర్ లోపట ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటది. దానికి అలగ్ నంబరు, అలగ్ తీగ. పెద్దది బంద్ జేసినా, కరెంటు వైరు ఉంటే చిన్నది మెలకువతోనే ఉంటది. పిలిస్తే పలుకుతది. నీ పద్నాలుగోది మిల్లులనే ఉంటే పలకక యాడికి పోతది?"

"మా ఇంటామె లెక్క అన్నట్టు. నేను పండుకున్నా ఆమె పలుకుడు బంద్ గాదు" అన్నాను నేను, ఇల్లు కాస్త తేలికపడుతుందని. ప్రమీల వదిన చూసిన చూపుకి టీ గ్లాసు కింద పెట్టేశాను.

సింధూజ తన బాస్‌ను ఒప్పించింది. బాస్ కీర్తిభాయ్‌కి ఫోన్ చేసి, మీ మెషిన్లన్నీ ఎక్కడెక్కడున్నాయో ఉచితంగా వెతికిపెడతాం అన్నాడు. ఉచితం అన్న మాట వినగానే కీర్తిభాయ్ ముహూర్తం కూడా చూడలేదు. "నేను నీ బిడ్డనని అక్కడ అనకు, లేకుంటే నమ్మరు" అని పెద్దబాపుకి మరీ మరీ చెప్పింది సింధూజ. దాంతో సోమవారం ఆమె కీర్తిభాయ్ గదిలోకి రాగానే మా అన్న లేచి నిలబడి చేతులు జోడించి "నమస్తే మేడం" అన్నాడు. ఆమె కూర్చున్నాక ఇంకోసారి, నీళ్లు తాగాక మరోసారి. నటన రానివాళ్లు ఊరుకోవచ్చు గదా!

లాప్‌టాప్‌లో నల్ల కిటికీ తెరిచి ఒక్క వరుస టైపు చేసింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, తెల్ల అక్షరాలు అంతే. ఒకటి నుంచి రెండువందల యాభై నాలుగు దాకా ప్రతి నంబరునీ ఉన్నావా అని పిలుస్తుందట ఆ వరుస. లోపలి చిన్న కంప్యూటర్లు మాత్రమే ఉన్నానని బదులిస్తాయట. గేటు దగ్గర నేను రోజూ చేసే పనే అది, కాకపోతే నా దగ్గర ఒకడి బదులు ఇంకొకడు పలుకుతాడు.

తొమ్మిది పలికాయి. ఆగిపోయింది.

అంబదాస్ గోడకు ఆనుకున్నాడు. ఉన్న పదమూడులోనూ నాలుగు పోయాయి! ఆడిట్ కుర్రాడు పెన్ను మూత తీశాడు. సింధూజ మాత్రం కంగారు పడలేదు. "కొన్ని లేటుగ జవాబిస్తయి సర్" అని, ఇంకాస్త ఆగి వినమని ఆ వరుసకి ఇంకో అంకె తగిలించి మళ్లీ నొక్కింది. పది. పన్నెండు. పదమూడు. చివర ఇంకో వరుస వచ్చి పడింది.

కీర్తిభాయ్ వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. పద్నాలుగు. సింధూజ చివరిదాని తయారీ నంబరు అడిగి రప్పిస్తే, అది కాగితంలో పోయిందని రాసిన నంబరే.

"ఎవరికో అమ్మేశాడు, అక్కడినుంచి పలుకుతోందేమో" అన్నాడు ఆడిట్ కుర్రాడు. చదువుకున్నవాడు కదా, అనుమానానికి లోటుండదు.

"ఈ పిలుపు మిల్లు గోడ దాటదు సర్" అంది సింధూజ. "ఎక్కడున్నదో ఇది చెప్పదు. కానీ ఆ మెషిన్ మీద గుర్తుకి ఒక నీలం లైటు ఉంటది. ఇక్కడినుంచే వెలిగిస్త. మీరు పోయి వెతకండి."

డబ్బాల గదిలో దీపాలు ఆపేశాం. పదమూడు డబ్బాల మీదా పచ్చ చుక్కలు, ఎక్కడా నీలం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ, చీరలు మడతపెట్టే ఖాతాలో పనిచేసే సంపత్ ఉన్నట్టుండి అరిచాడు. "అన్నా! దేవుని గద్దె!"

ఎర్రబట్ట అంచు కింద నీలం వెలుగు ఆరి వెలుగుతోంది. పైన అంబాజీ మాత. కీర్తిభాయ్ "జయ్ అంబే" అని కళ్లు మూసుకున్నాడు. ఆడిట్ కుర్రాళ్లు గబగబా బూట్లు విప్పారు. "బట్ట లేపండి" అంటుంది సింధూజ, లేపే మగాడు లేడు. చివరికి తనే పటాలు తీసి పక్కన పెట్టి బట్ట లాగింది. పసుపు, కుంకుమ, అగరుబత్తి బూడిద, వాటి కింద పద్నాలుగో డబ్బా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆరేళ్ల క్రితం ఒక ఇంజనీరు ఇది ఖతం అని ఆపేసి, పక్కన పెట్టమని పోయాడు. దసరా ముందురోజు. ఇన్నాళ్లు అన్నం పెట్టిన యంత్రాన్ని పాత ఇనుము కొనే భంగారువాడికి ఎట్లా ఇస్తామని, తుడిచి బొట్లు పెట్టి, దేవుడికి గద్దె చేశాం. ఒక పక్క అంబదాస్, ఇంకో పక్క ఈ చేతులే పట్టుకున్నాయి! తీగలు మాత్రం ఆయన పీకనివ్వలేదు. మూడు రోజులుగా గేటు దగ్గర, డబ్బాకు రెక్కలొచ్చాయా అని అందరి మీదా ఊగిపోయిన పెద్దమనిషినీ నేనే.

"నీకన్న యాదికి రాలేదా అన్నా?" అన్నాను.

ఆయన నేల మీద కూలబడి ఉన్నాడు. "నడువని సాంచను లెక్కల పెడ్తమా తమ్మీ? దేవుడు గూసున్నంక గది డబ్బ ఎట్లయితది?"

కీర్తిభాయ్ ఆయన్ని లేపి కౌగిలించుకున్నాడు. పేడాలు తెప్పించాడు. సంపత్ లింబాయత్‌కి ఫోన్లు కొట్టాడు. సాయంత్రానికి కనకయ్య తనే వచ్చి తాళంచెవి ఇచ్చి "నేను ముందుగాలనే అన్న, మనోడు గసొంటోడు గాదని" అన్నాడు. ఎవరితో అన్నాడో మేము అడగలేదు.

కథ అక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేవాడినే కాదు. పేడా తింటూ కీర్తిభాయ్ మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, ఇది ఇంకేం చేస్తుందని అడిగాడు. సింధూజ గెలిచిన ఉత్సాహంలో ఉంది. ఒక్కొక్క వరుస కొట్టి చూపించింది. ఇది ఏ డబ్బా ఎంత వేడెక్కిందో చెప్తుంది. ఇది పంకాల వేగం. "చూడండి, మూడోదాని పంకా స్లో అయింది."

"గది నేను పొద్దుగాలనే చెప్పిన మేడం!" అన్నాడు అంబదాస్, ముఖమంతా వెలిగిపోతూ. యంత్రం తన మాటే నిజమంటోందని గర్వం.

"ఎర్ర లైటు వస్తే ఫోనుకి మెసేజ్ వస్తుంది సర్. రింగ్ రోడ్‌లో కూర్చునే ఆపొచ్చు, లేపొచ్చు. గదిలోకి ఎవరూ పోనక్కర్లేదు."

కీర్తిభాయ్ నమలడం ఆపి స్వెట్టర్ వైపు చూశాడు. "తో కాకా షు కరే ఛే?"

వెటకారమేం లేదు. కాకా మరి ఏం చేస్తాడని నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సింధూజ వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. తను ఏం అమ్ముతోందో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

నెలాఖరుకు ఉత్తరం వచ్చింది. మొదటి రెండు వాక్యాలు ఆయన నిజాయితీ గురించి, మూడోది ఆయన సేవలు ఇక అవసరం లేవని. కాంట్రాక్టు సింధూజ కంపెనీకి పోయింది. పద్నాలుగు డబ్బాలనూ చూసే పని ఆమెకే అప్పజెప్పారు.

ఆ ఆదివారం వచ్చి పెద్దబాపు కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. రాజీనామా చేస్తానంది. నేను కూడా చెయ్యమనే అన్నాను, కోపంలో. అంబదాస్ ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పిచ్చిదానివా బిడ్డా? నువ్వు రాకపోతే దొంగనై పోతుంటి. ఇప్పుడు ఉత్తగ పోతున్న. గంతే గదా?"

అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, ఎంతో లాభపడ్డ మనిషిలా. నాకు కీర్తిభాయ్ మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.