తొలి చిప్ప నీళ్లు

మా వీధిలో ఎవరో ఇల్లు కడుతూ ఇసుక పోయించారు. నిన్న నాలుగు చినుకులు పడగానే ఆ గుట్ట నుంచి వాసన వచ్చింది. బియ్యం కడుగుతున్నదాన్ని చెయ్యి ఆపి నిలబడిపోయాను. తడి ఇసుక వాసన వస్తే నాకు మస్తానక్క గుర్తుకొస్తుంది.

పంతొమ్మిదివందల అరవైల్లో మా ఆయనకు ఉప్పు పండించే కొఠారులో పని దొరికి, నాయుడుపేట దగ్గరి వరిపొలాలు వదిలి సముద్రపు ఒడ్డు పల్లెకు వచ్చాం. వలలు అల్లే మస్తానక్కది పక్కిల్లు. నాకు నోరెక్కువ, ఆమెకు మాట తక్కువ. అందుకేనేమో బాగా కుదిరింది. ఆ ఏడు గాలివానకు సముద్రం పొంగి ఊరి బావిలో పడింది. నీళ్లు నోట పెట్టలేం. నెలల పిల్లవాడు నా కొడుకు, విరేచనాలతో వాడిపోయాడు. ఏడుస్తుంటే కంట్లో చుక్క నీరు లేదు. నాకు పాలు ఇంకిపోయాయి. మా ఆయన ఇసుక దిబ్బ వెనక నిలువు లోతు గొయ్యి తవ్వాడు. లోతుకు పోతే మంచినీళ్లు పడతాయని పొలం మనుషుల లెక్క. నీళ్లు బుడబుడా వచ్చాయి. అవీ ఉప్పే. ఆయన గట్టున కూలబడిపోయాడు.

మస్తానక్క వచ్చి దానికి కాస్త ఎడంగా, దిబ్బ మొదట్లో, మోకాటి లోతు చెలమ తీసి ఆగిపోయింది. అడుగున ఇసుక తడిబారిందంతే.

"ఇంకా తవ్వక్కా, బిడ్డ పోతుండాడు," అన్నాను.

"లోతుకు పోతే ఉప్పు లేస్తాది. కింద సముద్రం, దాని మీద వాన నీళ్లు. దిబ్బ తాగిన వాన మెల్లంగా దిగి రావాల గదా. కూకో బిడ్డా."

కూర్చున్నాను. బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఎప్పటికో కొబ్బరి చిప్పెడు నీళ్లు ఊరాయి. ఆమె వాటిని ముంచి, తిరిగి ఇసుకలోనే పోసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు మతుండాదా అక్కా?"

"ఇచ్చినోళ్లకి ముందు పెట్టాల. ఈడ అందరం అట్నే చేస్తాం. మళ్లీ ఊరతాది."

మళ్లీ ఊరాయి. గుడ్డతో వడగట్టి, దాని కొస తడిపి వాడి పెదాలకు ఆనించాను. నేనూ నాలుకకు రాసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. దిబ్బకు అవతల సముద్రం హోరుమంటోంది, ఇవతల ఇసుక సందుల్లోంచి ఒక్కొక్క బొట్టే మంచినీళ్లు దిగుతున్నాయి. దేవుణ్ణి చూసినంత భయమేసింది, చేతులెత్తి మొక్కాను. మర్నాటికి వాడు ఏడ్చాడు, చెంపల మీద కన్నీళ్లు కారేట్టు. ఆ ఏడుపు విని మస్తానక్క నవ్వింది.

ఇప్పుడు వంటింట్లో ఫిల్టరు ఉంది. పొద్దున్నే తొలి గ్లాసు పట్టి గుమ్మం పక్క మట్టిలో పోస్తాను. తల నెరిసిన నా కొడుకు నవ్వుతాడు.

"ఆ వాటా ఎవరికమ్మా?"

"నీకన్నా ముందు తాగినోళ్లకిరా," అంటాను.