జపాన్ గదిలో గలాలీ పాఠకులు

నీకు జపనీస్ ఎలా వచ్చిందని ఎవరడిగినా నాది ఒకటే జవాబు: జర్మన్ క్లాసులో సీట్లు అయిపోయాయి కాబట్టి. హైదరాబాదులో లైబ్రరీ సైన్సు చదివే రోజుల్లో సాయంత్రాలు హాస్టల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, ఏదో ఒక భాష నేర్చుకుందామని వెళ్ళాను. మిగిలింది అదొక్కటే. మొదటి వారం నా తలరాతను తిట్టుకున్నాను. రెండో ఏడాదికి మా టీచరమ్మ కంటే వేగంగా నిఘంటువు తిరగేసేదాన్ని. గొప్పలు పోతున్నానని మీరనుకుంటే అనుకోండి, ఉన్నమాట అది.

పెళ్ళయ్యాక ఆ భాషను ఉప్పు వేసి ఊరబెట్టుకుంటావా అని మా గుంటూరు చుట్టాలు నవ్వారు. మా ఆయన బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు దగ్గర ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఎనభైల మొదట్లో నేనూ వెళ్ళి అరాద్‌లో కాపురం పెట్టాను. విమానాలు మా మిద్దెను రాసుకుంటూ దిగేవి. మాట మధ్యలో ఆపడం, విమానం పోయాక అందుకోవడం మాకు అలవాటైపోయింది. పోట్లాడుకునేటప్పుడు ఇది భలే పనికొచ్చేది. విమానం పోయేసరికి ఆయన ఏం అనబోయాడో ఆయనకే గుర్తుండేది కాదు.

కొన్నేళ్ళు అలా ఇంట్లోనే గడిచాయి. ఒక శుక్రవారం మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన అయ్యాక, యూనివర్సిటీలో టైపిస్టుగా పనిచేసే ఒకాయన నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. జపాన్ నుంచి ఎవరో పెద్దమనుషులు యూనివర్సిటీ లైబ్రరీకి పెట్టెలకొద్దీ పుస్తకాలు బహుమతిగా పంపారట. ఏది ముందో ఏది వెనకో తెలిసే నాథుడు లేక అవి వరండాలో పడి ఉన్నాయట. మర్నాడే చీర కట్టుకుని వెళ్ళాను.

లైబ్రరీ అధిపతి బహ్రెయినీ, విదేశంలో చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఒక పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. దాన్ని కుడివైపు నుంచి తెరిచి, పేరు చదివి, ఇది చేపల పెంపకం మీద, దీన్ని మీ వాళ్ళు కవితల పెట్టెలో పెట్టారు అన్నాను. "ఎప్పుడు చేరగలరు మేడం?" అన్నాడు. పని టెంపరరీ. పుస్తకాలిచ్చిన జపాన్‌వాళ్ళు చూడడానికి వచ్చేదాకా ఉంటుంది, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అన్నాడు. నాకది చాలనిపించింది. ఫెలోషిప్ ఆడవాళ్ళు నాకు జపానక్క అని పేరు పెట్టేశారు.

మేడ మీద చివరి గది నాకిచ్చారు. అందులో అందరికంటే ముందు నాకు పరిచయమైంది అటెండరు. గలాలీ అనే ఊరివాడు, నడివయసు మనిషి, గుబురు మీసం. మొదటి రోజు నాకు గహ్వా తెచ్చాడు. గహ్వా అంటే అక్కడి యాలకుల కాఫీ, పిడిలేని చిన్న కప్పులో పోస్తారు. తాగాను. మళ్ళీ పోశాడు. పెద్దమనిషి పోస్తుంటే వద్దనకూడదని మళ్ళీ తాగాను. మళ్ళీ పోశాడు. నా గుండె దడదడ కొట్టుకునే వేళకు అతనికి జాలేసి, నా చేతిలో ఖాళీ కప్పును వేలితో చూపించి, దాన్ని అటూ ఇటూ ఆడించమని సైగ చేశాడు. చాలనుకుంటే కప్పు ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. అది వాళ్ళ మర్యాద.

అతని హిందీ నా హిందీ కంటే నయం. వాళ్ళ పెద్దలు బొంబాయికి ముత్యాలు పట్టుకెళ్ళినవాళ్ళట. నేను భాయ్ అనేదాన్ని, అతను బెహన్ అనేవాడు. బల్లలు మోసేవాడు, బీరువాలు జరిపేవాడు, నేను అడక్కుండానే ఏసీ బాగుచేయించాడు. కానీ జపాన్ పుస్తకాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఒకరోజు విసిగిపోయి, ఇవేమన్నా కరుస్తాయా భాయ్ అని అడిగాను.

"ఇవి కరవవు బెహన్. వీళ్ళు మమ్మల్ని ఎప్పుడో కరిచారు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. నూనె బయటపడక ముందు ఆ దీవి ముత్యాల మీద బతికింది. ఎండాకాలమంతా మగవాళ్ళు పడవల్లో ఉండేవాళ్ళు, ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని సముద్రంలోకి దిగి ఆల్చిప్పలు ఏరి, పడవలో ఉన్నవాడు తాడు లాగితే పైకొచ్చేవాళ్ళు. ఇంతలో జపాన్‌వాళ్ళు ఆల్చిప్పను పెంచి దాని కడుపులో ముత్యం పండించడం కనిపెట్టారు. ధర పడిపోయింది. గలాలీలో పడవలు ఒడ్డున ఎండిపోయాయి. అతని తండ్రి అప్పటికి కుర్రవాడు, సముద్రంలోకి దిగేవాడు. ఆ కుటుంబం పడవ పలకలు విప్పి పొయ్యిలో పెట్టుకుందట. "మా ఇంట్లో జపాన్ రేడియో కూడా లేదు, ఖలాస్," అని చేతులు దులుపుకున్నాడు.

నాకు కోపం రాలేదు. నేనెవరిని కోప్పడటానికి? నా పుస్తకాలను నేనే మోసుకున్నాను.

ఆ ఏడాది చలికాలంలో అధిపతి నన్ను పిలిచాడు. గది అందంగా ఉంది కానీ పాఠకుడనేవాడు లేడు అన్నాడు. పుస్తకాలిచ్చినవాళ్ళు వచ్చే నెల వస్తున్నారు. వాళ్ళు ఖాళీ గదిని చూసి వెళ్తే, ఆ గది కంప్యూటర్లకిచ్చేస్తారు, పుస్తకాలు మీనా సల్మాన్‌లో గోడౌనుకు పోతాయి. నా ఉద్యోగమూ దాంతోనే పోతుందని అతను వేరే చెప్పనక్కర్లేదు. నాకు ఆ గది కావాలి. ఎంత కావాలంటే, ఆ రాత్రి అన్నం సహించలేదు. జీవితంలో మొదటిసారి నాకు తెలిసిన దానికి ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ కుర్చీ వదులుకోవడం నా వల్ల కాదు.

"పోతే పోయింది. ఇంట్లో ఉండి టైపు నేర్చుకో," అన్నాడు మా ఆయన.

"మీరు ఓడల పని మానేసి కుట్టుపని నేర్చుకోండి, అప్పుడు చూద్దాం," అన్నాను. విమానం వచ్చింది, మాట అక్కడితో తెగింది.

నాకు తోచింది ఒకటే. జపాన్ పుస్తకాల్లో పెద్ద సైజు బొమ్మల పుస్తకం ఒకటి ఉంది, ముత్యాల మీద. దాన్ని మెట్ల దగ్గర అద్దాల బీరువాలో, గుట్టగా పోసిన ముత్యాల ఫొటో ఉన్న పేజీ తెరిచి పెట్టాను. ఈ ఊరివాళ్ళకూ ముత్యాలే, జపాన్‌వాళ్ళకూ ముత్యాలే, చూడ్డానికి వస్తారు అని నా లెక్క. గలాలీ భాయ్ దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. అధిపతి అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఇది ఈ ఊళ్ళో పెట్టదగ్గ పుస్తకమేనా?"

"ఈ ఊళ్ళో కాకపోతే ఇంకెక్కడ పెట్టమంటారు?" అన్నాను. అతను తీసెయ్యమనలేదు, నేను తియ్యలేదు.

రెండు మూడు రోజుల తర్వాత గలాలీ భాయ్ ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకుంటూ వచ్చాడు. తండ్రి. కళ్ళు సన్నగా, చర్మం ముడతలు పడి, భుజాలు మాత్రం ఇంకా వెడల్పుగా ఉన్నాయి. ఇంట్లో కొడుకు పుస్తకం సంగతి చెప్పి తిట్టాడట. ముసలాయన నేను చూడాలి, యల్లా, పద పద అని బయల్దేరాడట. బీరువా ముందు నిలబడి ముత్యాల గుట్టను చాలాసేపు చూశాడు. "అన్నీ ఒకే సైజు," అన్నాడు అసహ్యంగా. తర్వాత పేజీలు తిప్పమన్నాడు.

పుస్తకం గదిలోకి తెచ్చి, ఆయన పక్కన కూర్చుని తిప్పాను. ఒకచోట చెయ్యి అడ్డం పెట్టాడు. అది జపాన్‌లో సముద్రంలోకి దిగే ఆడవాళ్ళ ఫొటో. ఒకామె నీళ్ళలో ఉంది, నడుముకు తాడు. పడవ మీద ఒక మనిషి ఆ తాడు కొస పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"తాడు పట్టుకున్నది ఎవరు?" ముసలాయన అరబీలో అడిగాడు, కొడుకు హిందీలో చెప్పాడు.

కింద రాసింది చదివాను. "ఆమె భర్త."

ముసలాయన తలూపాడు. "మంచిది. భర్త అయితే నిద్రపోడు. నా తాడు మా అన్న పట్టుకునేవాడు. వాడు ఒక్కోసారి కునుకు తీసేవాడు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ పేజీ తిప్పకుండా అక్కడే ఉంచాను.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. గలాలీ నుంచి తన ఈడు వాళ్ళను వెంటేసుకుని వచ్చేవాడు. ఫ్లాస్కులో గహ్వా, గుడ్డసంచిలో ఖర్జూరాలు. లైబ్రరీలో తినకూడదని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. నేను కిటికీ వైపు చూసేదాన్ని. వాళ్ళు పుస్తకం చుట్టూ కూర్చుని జపాన్‌వాళ్ళను తిట్టిపోసేవాళ్ళు. పడవ కట్టిన తీరు తప్పనీ, ఆ గాలికి ఆ తెరచాప పనికిరాదనీ వాదించుకునేవాళ్ళు. దీన్నేమంటారు అని నన్ను అడిగేవాళ్ళు, నేను చదివి చెప్పేదాన్ని. వీళ్ళ మాటలు వినడానికి చరిత్ర చదివే విద్యార్థులు తలుపు దగ్గర చేరారు. తర్వాత లోపలికొచ్చారు. తర్వాత వేరే పుస్తకాలు అడిగారు.

జపాన్‌వాళ్ళు వచ్చే ముందురోజు అధిపతి వచ్చి, రేపు ఒక్కరోజు ఆ పెద్దాయనలను రావద్దని చెప్పండి అన్నాడు.

"వాళ్ళు నా పాఠకులు సార్. పాఠకుల్ని వెళ్ళగొట్టి ఖాళీ గది చూపించాలంటే అది మీరే చూపించండి," అన్నాను. నేను చెప్పలేదు. చెప్పమని గలాలీ భాయ్‌తోనూ అనలేదు.

మర్నాడు ఇద్దరు అతిథులు వచ్చారు. ఒకాయన యువకుడు, రెండో ఆయన నెరిసిన జుట్టు వాడు, ఆయనే పెద్ద. గదిలో గలాలీ వృద్ధులు గోడవారన కూర్చుని ఉన్నారు. అతిథులు వంగి నమస్కరించారు. అందరూ కూర్చున్నాక గలాలీ భాయ్ తండ్రి ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మొదలుపెట్టాడు. అరబీలో నాకు అందింది కొంచెమే. కానీ అధిపతి ముఖం పాలిపోవడం కనిపించింది. కొడుకు నేల చూపులు చూస్తూ హిందీలో నాకు అందించాడు.

"ఆయనకు చెప్పు బెహన్. మీ ముత్యం వచ్చిన ఏడు మా పడవ కదల్లేదు. మా అన్న వలస పోయి తిరిగి రాలేదు. మేం ప్రాణం పెట్టి తెచ్చినదాన్ని మీరు తోటలో కూరగాయల్లా పండించారు. మా కడుపు కొట్టారు. ఈ పుస్తకాలు ఇచ్చినందుకు నా నోటి నుంచి థాంక్స్ రాదు."

అధిపతి నా చెవి దగ్గరకు వంగి, కాస్త మెత్తగా చెప్పండి మేడం అన్నాడు. అతనికి జపనీస్ రాదు. నేను పంచదార కలిపి చెప్పినా ఆ గదిలో ఎవరూ పట్టుకోలేరు. నా ఉద్యోగం, నా కుర్చీ, నా గది నా నాలుక మీద ఉన్నాయి. కానీ ఆ ముసలాయన నా ముఖంలోకే చూస్తున్నాడు, తాడు కొస నా చేతికిచ్చినట్టు. మన భాషలో అండీ అని చేర్చి ఎంత మాటైనా అనొచ్చు. జపనీస్‌లో అలాంటి మర్యాదలు ఇంకా ఎక్కువ. ఉన్న మర్యాదలన్నీ వాడాను. విషయంలో మాత్రం పిసరంత తగ్గించలేదు. పడవ, అన్న, కూరగాయలు, కడుపు కొట్టడం, థాంక్స్ రాదనడం, అన్నీ చెప్పాను.

నెరిసిన జుట్టాయన లేచి నిలబడ్డాడు. ముసలాయనకు ఎదురుగా వచ్చి నడుం దాకా వంగి, అలాగే ఉండిపోయాడు. యువకుడు కంగారుగా లేచాడు. చివరికి నెరిసిన జుట్టాయన తన కుర్చీలో కూర్చుని, "నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరూ ఇది చెప్పలేదు," అన్నాడు. ఆ తర్వాత, "సముద్రం లోపల నీళ్ళు చల్లగా ఉండేవా?" అని అడిగాడు.

ముసలాయన ఈ ప్రశ్న ఊహించలేదు. చల్లగా ఉండేవి అన్నాడు. సముద్రం అడుగున కొన్నిచోట్ల మంచినీటి ఊటలు ఉండేవట. తోలుసంచి పట్టుకుని దిగి, ఉప్పునీళ్ళ కింద నుంచి తాగే నీళ్ళు నింపుకొచ్చేవాళ్ళట. అతిథి నమ్మలేక నన్ను రెండుసార్లు అడిగాడు. వృద్ధులందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఊపిరి సలపలేదు.

గలాలీ భాయ్ గహ్వా పోశాడు. నెరిసిన జుట్టాయన తాగాడు. మళ్ళీ పోశాడు, తాగాడు. అతిథిగా వచ్చి తిట్లు తిన్న మనిషి కాఫీ వద్దని ఎలా అంటాడు? మళ్ళీ పోశాడు. అతిథి నుదుటి మీద చెమట పట్టింది. కొడుకు మళ్ళీ ఫ్లాస్కు వంచబోతుంటే ముసలాయన ముందుకు జరిగి, అతిథి మణికట్టు పట్టుకుని ఆ కప్పును తనే అటూ ఇటూ ఊపాడు.

"చాలనిపిస్తే ఇలా ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఇది కూడా ఆయనకు చెప్పు," అన్నాడు నాతో.

చెప్పాను. అతిథి తన కప్పును తనే ఇంకోసారి ఊపాడు. ముసలాయన ఆ మణికట్టు వెంటనే వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక అధిపతి నా బల్ల దగ్గరకు వచ్చాడు. మెత్తగా చెప్పలేదు కదా అన్నాడు. లేదన్నాను. "తెలుసు. ఆయన ముఖం చూశాను," అని, కంప్యూటర్లకు కింది అంతస్తులో చోటు చూస్తాను, ఈ గది తాళం మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడు. ఆ సాయంత్రం మా ఆయనకు చెబుతుంటే విమానం వచ్చింది. నేను ఆగలేదు, అరిచి చెప్పాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మెట్ల దగ్గర అద్దాల బీరువా తలుపు తీసి ఉంది. గలాలీ భాయ్ ముత్యాల పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుడివైపు నుంచి ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెతుకుతున్నాడు. తాడు పట్టుకున్న మనిషి ఉన్న పేజీ దొరికాక, అది తెరిచి లోపల పెట్టి తలుపు మూశాడు.