హ్యోన్‌సిక్ యాప్ తీసేసిన ఏడాది

కొరియాలోని బుసాన్ నగరంలో మా కొండవాడకు ఎక్కే చిన్న ఆకుపచ్చ బస్సును తక్ హ్యోన్‌సిక్ నడుపుతాడు. నేనూ అదే దారిలో డ్రైవర్ని, అతనికంటే పెద్దవాణ్ణి. అతనికి నలభై దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదు. మాటకారి. బస్సెక్కిన ప్రతి అవ్వనూ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడగనిదే గేరు మార్చేవాడు కాదు.

పోయిన వసంతంలో జోడీ వెతికే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాడు. మొదట్లో హుషారుగా ఉండేవాడు. ఎవరో నాలుగు మాటలు రాసేవారు, ఉన్నట్టుండి మానేసేవారు. ఎక్కడ తప్పు మాట్లాడానా అని పాత కబుర్లన్నీ మళ్లీ మళ్లీ చదువుకునేవాడు. ఫొటో మార్చాడు. జుట్టుకు రంగేశాడు. సన్నబడాలని మధ్యాహ్నం భోజనం మానేశాడు.

ఒకామె మాత్రం వారాల తరబడి కబుర్లాడి, సముద్రం ఒడ్డున ఒక కాఫీ కొట్లో కలుద్దామంది. తలుపు తోసుకుని వచ్చింది, అతన్ని చూసింది, అతను చెయ్యెత్తేలోపే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి ఫోన్‌లోంచి ఆమె పేరు కూడా మాయమైంది.

అప్పటినుంచి అతను అద్దంలో మొహం చూసుకోవడం మానేశాడు. అవ్వల్ని పలకరించడమూ మానేశాడు. ఒక ఉదయం స్టాపులో చేపల బుట్టతో నిలబడ్డ ఒక్‌బున్ అవ్వను దాటుకుని వెళ్లిపోయి, కొంచెం ముందుకెళ్లాక ఆపాడు. ఆవిడ రొప్పుతూ వచ్చి ఎక్కింది.

"ఏరా, ఇంత లావు మనిషిని, నేను కనపడలేదా నీకు?"

"కనపడ్డావవ్వా. కాలే బ్రేకు మీదికి పోలేదు" అని స్టీరింగ్ మీద తల ఆనించి భోరుమన్నాడు.

అవ్వ బుట్ట కింద పెట్టి, వెనక్కి తిరిగి బస్సులోవాళ్లను కసిరింది. "ఏంటలా చూస్తారు? మీ ఇళ్లల్లో ఎవరూ ఏడవలేదా? తొందరున్నవాళ్లు నడిచి పొండి!"

ఒక్కరూ దిగలేదు. డిపోవాళ్లు ఫోన్ చేస్తే వెళ్లి బస్సు నేను అందుకున్నాను. మర్నాడు అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ముక్కూమొహం తెలియనివాళ్లు రోజూ మిమ్మల్ని చూసి పక్కకు తోసేస్తుంటే ఎవరికైనా ఇలాగే అవుతుంది" అందావిడ. మందులిచ్చింది, వారం వారం వచ్చి మాట్లాడమంది. యాప్ అక్కడే తీసేశాడు. కొన్నాళ్లు చెయ్యి ఊరికే ఫోన్ కోసం జేబులోకి పోయేది. "ఎవరో పిలిచినట్టే ఉంటోందన్నా" అనేవాడు. ఆకులు రాలే కాలానికి నిద్ర కుదురుకుంది, మళ్లీ బస్సు నడపడానికి వచ్చాడు.

"మా పక్కింటామె మేనకోడలుంది, చూస్తావా?" అంది ఒక్‌బున్ అవ్వ ఒకరోజు.

"ఫొటో వద్దవ్వా. మనిషినే చూపించు."

ఇద్దరూ నూడుల్స్ కొట్లో కలిశారు. సంబంధం కుదరలేదు. అయినా మర్నాడు డిపోకు ఈలవేసుకుంటూ వచ్చాడు.

"కాదందట కదరా నిన్ను?" అన్నాను.

"కాదందన్నా. ఎదురుగా కూర్చుని, మీరు మంచివారే కానీ నాకు మనసు కుదరలేదండీ అని చెప్పింది. బాధేసింది. ఆకలీ వేసింది. ఇంకో గిన్నె తెప్పించుకున్నా. ఆమె కూడా తెప్పించుకుంది!"

నవ్వుకుంటూ వెళ్లి బస్సు స్టార్ట్ చేశాడు.